కాలనీని పక్షుల నెలవుగా సర్టిఫై చేయించడం: నేషనల్ వైల్డ్‌లైఫ్ ఫెడరేషన్ హాబిటాట్ ప్రోగ్రామ్ రివ్యూ

నేషనల్ వైల్డ్‌లైఫ్ ఫెడరేషన్ అమెరికాలో ఇచ్చే హాబిటాట్ (వన్యప్రాణుల నెలవు) సర్టిఫికెట్లు రెండు రకాలు. ఒకటి ఇంటికి, రెండోది కాలనీకో ఊరికో మొత్తంగా. ఇంటి సర్టిఫికెట్ 1973 నుంచీ ఉంది, ఇప్పటికి మూడు లక్షలకు పైగా స్థలాలు నమోదయ్యాయి. కాలనీలది తర్వాత వచ్చింది. 1998లో కాలిఫోర్నియాలోని ఆల్పైన్ మొదటి కమ్యూనిటీ వైల్డ్‌లైఫ్ హాబిటాట్ అయింది. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న కాలనీలో ఉంటూ, మన వీధుల్ని పక్షులకు పనికొచ్చేలా మారుద్దామని నలుగురిని కూడగట్టాలనుకునేవాళ్ల కోసం ఈ రివ్యూ.

మార్కులు ముందే చెప్పేస్తాను. ఇంటి సర్టిఫికెట్‌కు ఐదుకు మూడు, కాలనీ సర్టిఫికెట్‌కు నాలుగు. ఇంటి ఫారం మీరు పెరట్లో ఏమేం పెట్టారో అడుగుతుంది, ఏమేం మానేశారో గట్టిగా అడగదు. పక్షుల్ని పస్తు పెట్టేవీ చంపేవీ చాలావరకు మనం మానాల్సిన పనులే. దోమల మందు పొగ, ఆకుల్ని ఊడ్చి సంచుల్లో కట్టి పారేయడం, రాత్రంతా వెలిగే తెల్ల లైట్లు, ఆరుబయట తిరిగే పిల్లులు. ఇవి ఒక ఇల్లు మానితే ప్రయోజనం కొంచెమే, ఎందుకంటే పక్కింటి మందు కంచె దగ్గర ఆగదు. కాలనీ సర్టిఫికెట్ విలువంతా ఇక్కడే ఉంది. ఉమ్మడి స్థలాల మీద, ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టు మీద మాట్లాడడానికి అది మీకొక పట్టు ఇస్తుంది.

డబ్బుకు ఏమొస్తుంది

ఇంటి దరఖాస్తు రుసుము 20 డాలర్ల చుట్టూ ఉంటుంది, ఒక్కసారి కడితే చాలు, ఏటా రెన్యూవల్ లేదు. ఇల్లు మారితే కొత్త ఇంటికి మళ్లీ పెట్టుకోవాలి. పేరుతో సర్టిఫికెట్, ఫెడరేషన్‌లో ఏడాది సభ్యత్వం వస్తాయి. ఇంటి ముందు పాతుకునే బోర్డుకు విడిగా డబ్బు కట్టాలి. అపార్ట్‌మెంట్ బాల్కనీ అయినా షరతులు నెరవేరితే సర్టిఫై చేస్తారు.

ఇంటికి వచ్చి చూసేవాళ్లు ఎవరూ ఉండరు. మీరు టిక్కు పెట్టిందే సాక్ష్యం. చట్టపరమైన రక్షణ కూడా ఏమీ రాదు: ఈ సర్టిఫికెట్ ఉంది కదా అని హెచ్‌ఓఏ జరిమానా ఆగదు, పక్కనున్న ఖాళీ స్థలంలో చెట్లు కొట్టడం ఆగదు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే తర్వాత నిరాశ ఉండదు.

ఫారంలో ఐదు భాగాలున్నాయి. తిండి కనీసం మూడు రకాలు, నీరు ఒక చోట, దాక్కునే చోట్లు రెండు, పిల్లల్ని పెంచుకునే చోట్లు రెండు, ఆపైన తోటను చూసుకునే పద్ధతుల్లో నేల-నీటి సంరక్షణ, బయటి జాతుల నియంత్రణ, సేంద్రియ పద్ధతులు అనే మూడు తరగతుల్లో రెండింటి నుంచి ఏవైనా. వినడానికి బాగుంది. కానీ ఒక గింజల ఫీడర్, ఒక హమ్మింగ్ బర్డ్ ఫీడర్, ఒక సూయెట్ (జంతువుల కొవ్వు) ముద్ద వేలాడదీసి తిండి భాగం దాటేయవచ్చు. ఫారం బలహీనత అదే, పక్షికి అసలు కావలసింది ఏమిటన్న ప్రశ్న అక్కడ తేలదు.

తిండి అంటే గొంగళిపురుగు

ఉత్తర అమెరికాలో నేలమీద బతికే పక్షుల్లో దాదాపు 96 శాతం తమ పిల్లలకు పెట్టేది పురుగుల్నే. గింజలు తినే పక్షులు కూడా గూట్లో పిల్లలున్నప్పుడు పురుగులకే పరుగెడతాయి. డెలావేర్ యూనివర్సిటీ కీటక శాస్త్రవేత్త డగ్ టాలమీ లెక్క ప్రకారం, గుప్పెట్లో పట్టే చికడీ జంట ఒక్క గూటి పిల్లల్ని ఎగిరే దాకా తేవాలంటే 6,000 నుంచి 9,000 గొంగళిపురుగులు కావాలి. గూటి నుంచి పెద్ద దూరం పోకుండానే అవన్నీ దొరకాలి. వాషింగ్టన్ డీసీ పరిసరాల్లోని పెరళ్ల మీద 2018లో వచ్చిన అధ్యయనం ఇంకో హద్దు చూపించింది: పెరట్లోని పచ్చదనంలో నేటివ్, అంటే ఆ ప్రాంతంలో సహజంగా పెరిగే, మొక్కల వాటా 70 శాతం కన్నా తగ్గితే అక్కడ చికడీల సంఖ్య నిలవడం లేదు.

నేటివ్ అయినంత మాత్రాన అన్నీ సమానం కాదు. నేటివ్ మొక్కల్లో దాదాపు 14 శాతం జాతులే 90 శాతం గొంగళిపురుగుల్ని పోషిస్తున్నాయి. వీటినే కీస్టోన్ మొక్కలంటారు. చెట్లలో ఓక్ మొదటిది. తూర్పు రాష్ట్రాల్లో ఓక్‌ల మీద 500కు పైగా జాతుల గొంగళిపురుగులు బతుకుతాయి. తర్వాత నేటివ్ చెర్రీ, విల్లో, బర్చ్. పూలమొక్కల్లో గోల్డెన్‌రాడ్, ఆస్టర్, నేటివ్ పొద్దుతిరుగుడు. ఫెడరేషన్ వెబ్‌సైట్‌లోని నేటివ్ ప్లాంట్ ఫైండర్‌లో మీ జిప్ కోడ్ కొడితే, మీ ప్రాంతపు మొక్కలు ఎన్ని జాతుల గొంగళిపురుగుల్ని పోషిస్తాయో ఆ వరుసలోనే వస్తాయి. ఈ సేవ మొత్తంలో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే, పైగా ఉచితం. సర్టిఫికెట్ తీసుకోకపోయినా దీన్ని వాడుకోవచ్చు.

ఓక్ అనగానే పెద్ద చెట్టు కొనాలనుకుంటారు. చిన్న మొక్కే మేలు. కుండీలో వేళ్లు చుట్టుకుపోయిన పెద్ద చెట్టు కోలుకునేలోగా చిన్నది దాన్ని అందుకుంటుంది. గుంత వేరుముద్దకు రెండు మూడింతల వెడల్పు ఉండాలి, లోతు మాత్రం ముద్ద ఎత్తు దాటకూడదు. కాండం అడుగున వేళ్లు విచ్చుకునే చోటు నేల మట్టానికి పైన కనిపించాలి. మల్చ్ (నేల మీద పరిచే చెక్క పొట్టు) రెండు మూడు అంగుళాలు చాలు, కాండానికి తగలకుండా. చెట్టు మొదట్లో మల్చ్‌ను కుప్పగా పోయడం చాలా కాలనీల్లో కనిపించే తప్పు. బెరడు చివికి చెట్టు కొన్నేళ్లలో దెబ్బతింటుంది. జింకలు తిరిగే చోట ఐదడుగుల ఇనుప వల చుట్టాలి. మొదటి రెండు వేసవులు నీళ్లు తప్పవు.

చెట్టు కింద ఏముందన్నదీ ముఖ్యమే. ఓక్ మీద పెరిగిన గొంగళిపురుగుల్లో చాలావరకు కిందికి దిగి, రాలిన ఆకుల్లోనో వదులు మట్టిలోనో ప్యూపా అవుతాయి. కింద గట్టిపడ్డ లాన్ ఉండి, వారం వారం మోవర్ తిరుగుతుంటే అవి అక్కడే చస్తాయి. కొమ్మలు పరుచుకున్నంత మేర లాన్ తీసేసి, నీడకు తట్టుకునే నేటివ్ మొక్కలు పెట్టి, ఆకుల్ని అక్కడే వదిలేయాలి. ఫారంలో దీనికంటూ ప్రత్యేకంగా ఒక గడి ఉండాల్సింది.

పండ్ల విషయంలో ఒక జాగ్రత్త. చలికాలంలో ఎర్రటి కాయల కోసం వింటర్‌బెర్రీ కొంటారు, మూడేళ్లయినా ఒక్క కాయ రాదు. ఆ జాతిలో మగ, ఆడ మొక్కలు వేరు. ఒకే సమయంలో పూసే మగ మొక్క దగ్గర్లో ఒక్కటైనా లేనిదే ఆడవి కాయవు. కాయలున్నాయి కదా అని నందీనా మాత్రం పెట్టకండి. దాని పండ్లలో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థాలున్నాయి. 2009లో జార్జియాలో సీడార్ వాక్స్‌వింగ్ పక్షులు వాటిని కడుపునిండా తిని గుంపుగా చనిపోయాయి. కాలనీల్లో వరసగా కనిపించే క్యాలరీ పేర్ కూడా తీసేయాల్సిన చెట్టే. ఒహాయో 2023లో, పెన్సిల్వేనియా, సౌత్ కరోలినా 2024లో దాని అమ్మకం నిషేధించాయి. ఆ చోటికి సర్వీస్‌బెర్రీ బాగా సరిపోతుంది: వసంతంలో తెల్ల పూలు, జూన్‌లో రాబిన్‌లు ఎగబడే పండ్లు.

నర్సరీలో అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ మొక్కకు నియోనికోటినాయిడ్ అనే పురుగుల మందు పెట్టారా? ఈ మందు మొక్క లోపలికంతా పాకుతుంది, ఆకు తిన్న గొంగళిపురుగు చస్తుంది. మోనార్క్ సీతాకోకచిలుకల కోసం కొన్న మిల్క్‌వీడ్‌లో అది ఉంటే విషం పెట్టినట్టే. అమ్మేవాళ్లు తెలియదంటే కొనకండి.

ఫీడర్లు తప్పనిసరేమీ కాదు. పెడితే శుభ్రత మీ బాధ్యత. రెండు వారాలకోసారి విప్పి, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి నానబెట్టి, కడిగి, పూర్తిగా ఆరాకే గింజలు పోయాలి. 2021లో పైన్ సిస్కిన్ అనే చిన్న పక్షుల్లో సాల్మొనెల్లా జబ్బు పాకినప్పుడు చాలా రాష్ట్రాల్లో ఫీడర్లు దించేయమని చెప్పారు. ఒళ్లంతా ఉబ్బించుకుని మందంగా కూర్చున్న పక్షి కనిపిస్తే రెండు వారాల పాటు దించేయండి. హమ్మింగ్ బర్డ్ నీళ్లకు ఒక వంతు పంచదార, నాలుగు వంతుల నీళ్లు. రంగు వద్దు, తేనె వద్దు, ఎండాకాలంలో రెండు రోజులకోసారి మార్చాలి.

నీటి గురించి చెప్పేది కొద్దిగానే. పళ్లెం లోతు ఒకటి రెండు అంగుళాలు మించకూడదు, అడుగు గరుకుగా ఉండాలి. రెండు మూడు రోజులకోసారి ఒలకబోసి రుద్ది నింపితే దోమల గుడ్లు పెద్దవయ్యే సమయమే దొరకదు.

గూటిపెట్టెలు: ఎక్కువ పొరపాట్లు ఇక్కడే

పిల్లల్ని పెంచుకునే చోట్ల కింద చాలామంది టిక్కు పెట్టేది గూటిపెట్టెకు. బజార్లో అందంగా కనిపించేవి ఎక్కువగా పనికిరావు. రంధ్రం కింద చిన్న పుల్ల పొడుచుకొచ్చి ఉంటే అది ఇంటి పిచ్చుకకూ వేటాడే జీవులకూ పట్టు దొరకడానికే; గూటి పక్షికి దాని అవసరం లేదు. పక్క పలక తెరుచుకోకపోతే శుభ్రం చేయలేరు. లోపల నున్నటి పెయింటు ఉంటే పిల్లలు పైకెక్కలేవు.

ఈస్టర్న్ బ్లూబర్డ్‌కు సరైన పెట్టె ఇలా ఉంటుంది. ముప్పావు అంగుళం మందమున్న సీడార్ లేదా పైన్ పలక, మందు పట్టించనిది. అడుగు నాలుగు నుంచి ఐదంగుళాల చదరం, మూలల్లో నీరు కారే సన్న రంధ్రాలు. ముఖద్వారం సరిగ్గా ఒకటిన్నర అంగుళం. అంతకన్నా పెద్దదైతే గూళ్లు ఆక్రమించే స్టార్లింగ్ అనే పక్షి దూరుతుంది. పైకప్పు ముందుకు రెండంగుళాలైనా పొడుచుకు రావాలి, పక్కల పైభాగాన గాలి ఆడాలి. లోపలి ముందు పలక మీద రంధ్రం కింద రంపంతో అడ్డగీతలు గీస్తే పిల్లలకు అవే మెట్లు. చికడీకైతే రంధ్రం 1⅛ అంగుళం. ఆ కొలతలో ఇంటి పిచ్చుక పట్టదు.

చెట్టుకో కంచెకో కొట్టిన పెట్టె పాములకూ రకూన్‌లకూ భోజనపు బల్ల. నున్నటి ఇనుప గొట్టం మీద ఐదడుగుల ఎత్తున బిగించి, దాని కింద ఎనిమిదంగుళాల వ్యాసం, రెండడుగుల పొడవున్న పొయ్యి గొట్టాన్ని అడ్డుగా వేలాడదీయాలి. పైన వల మూత ఉండాలి, కింద తెరిచి ఉండాలి. దీన్ని బాఫిల్ అంటారు. బాఫిల్ లేని పెట్టె పెట్టడం కన్నా పెట్టె మానేయడం మంచిది. బ్లూబర్డ్ పెట్టెల మధ్య వంద గజాల దూరం, ముందు పొట్టి గడ్డి ఉన్న తెరపి, పిల్లలు మొదటిసారి ఎగిరితే వాలేందుకు కొంత దూరంలో ఒక చెట్టు. ఫిబ్రవరి ముగిసేలోగా పాతేయాలి.

తర్వాత వారానికోసారి తెరిచి చూసే మనిషి కావాలి. ఇంటి పిచ్చుకలు బ్లూబర్డ్ గుడ్లు పగలగొడతాయి, గూట్లో కూర్చున్న తల్లి తల చితక్కొట్టి చంపి, ఆ కళేబరం మీదే తమ గడ్డి పేరుస్తాయి. ఇంటి పిచ్చుకకూ యూరోపియన్ స్టార్లింగ్‌కూ 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టపు రక్షణ లేదు, కాబట్టి వాటి గూడు తీసేయవచ్చు. నేటివ్ పక్షి గుడ్లున్న గూటిని మాత్రం ముట్టుకోకూడదు, అది నేరం. గూడు చూసి గుర్తుపట్టవచ్చు. బ్లూబర్డ్‌ది సన్న గడ్డితో నీటుగా అల్లిన గిన్నె, లేత నీలి గుడ్లు నాలుగైదు. ఇంటి పిచ్చుకది గడ్డి, ప్లాస్టిక్, ఈకలు కలగాపులగంగా కూరిన మూట. పిల్లలకు పన్నెండు రోజులు దాటాక తెరవడం ఆపేయాలి, లేకపోతే ముందే బయటికి దూకేస్తాయి. కాలనీలో వారం వారం చూసేవాళ్లు లేరనుకుంటే ఒకటిన్నర అంగుళం పెట్టెల జోలికి పోకుండా, 1⅛ అంగుళం చికడీ పెట్టెలతో ఆగిపోండి.

ఫారం అడగనివి

అద్దాలు: అమెరికాలో ఏటా 36.5 కోట్ల నుంచి 98.8 కోట్ల దాకా పక్షులు భవనాలకు కొట్టుకుని చనిపోతున్నాయని 2014 నాటి అంచనా. అందులో దాదాపు 44 శాతం ఒకటి నుంచి మూడంతస్తుల ఇళ్ల దగ్గరే. తోట బాగుపడి పక్షులు పెరిగినకొద్దీ ఈ చావులూ పెరుగుతాయి, కాబట్టి మొక్కల కన్నా ముందే కిటికీల సంగతి చూడాలి. ఒక్క డేగ బొమ్మ అంటిస్తే ఫలితం లేదు. అద్దం బయటి వైపున, రెండేసి అంగుళాల ఎడంతో, అద్దమంతా చుక్కలో గీతలో రావాలి. లోపలి వైపు అంటిస్తే ఆకాశం ప్రతిబింబం చెరగదు. ఫీడర్ ఉంటే కిటికీకి మూడడుగుల లోపే పెట్టండి. అంత దగ్గర నుంచి ఎగిరితే దెబ్బ తగిలేంత వేగం ఉండదు.

పిల్లులు: 2013 అధ్యయనం అంచనా ఏటా 130 కోట్ల నుంచి 400 కోట్ల పక్షులు. ఎక్కువ భాగం యజమాని లేని పిల్లుల వల్లే. కాలనీలో ఇది గొడవల్లోకి దిగే అంశం. నిందించడంతో మొదలుపెట్టకుండా, పిల్లికి వల కట్టిన వరండా ఎలా కట్టుకోవచ్చో చూపిస్తే వినేవాళ్లుంటారు.

దోమల పొగ: వీధి వీధికీ తిరిగే కంపెనీలు కొట్టేది సాధారణంగా పైరెత్రాయిడ్ అనే పురుగుల మందు. దోమల మీదే పనిచేస్తుందని కరపత్రంలో ఎంత రాసినా, ఆకు మీదున్న గొంగళిపురుగునూ తేనెటీగనూ మిణుగురునూ అది వదలదు. దానికి బదులు బకెట్లో నీళ్లు పోసి, గుప్పెడు ఎండుగడ్డి వేసి, బీటీఐ (దోమల పిల్లపురుగుల్ని చంపే బ్యాక్టీరియా) బిళ్లలో పావు ముక్క వేయండి. దోమలు వచ్చి గుడ్లు పెడతాయి, పిల్లపురుగులు అందులోనే చస్తాయి, మిగతా కీటకాల జోలికి పోదు. బిళ్లను నెలకోసారి మార్చాలి. బకెట్ మీద వల కప్పండి, ఉడతలు పడకుండా. పది ఇళ్లు పెడితే తేడా తెలుస్తుంది, ఒక్క ఇల్లు పెడితే తెలియదు. కాలనీ మొత్తం కలవాలనడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ లేదు.

ఎలుకల మందు కూడా ఇంతే. బ్రోడిఫకూమ్ లాంటి మందు తిని మందగించిన ఎలుకను గుడ్లగూబ పడుతుంది, విషం దాని ఒంట్లో చేరుతుంది. క్లబ్‌హౌస్ గోడ పక్కన నల్ల డబ్బాలుంటే వాటిలో ఏముందో మేనేజ్‌మెంట్ కంపెనీని అడగండి.

కాలనీ సర్టిఫికెట్ ఎలా నడుస్తుంది

ముందు చిన్న బృందం, తర్వాత వంద డాలర్ల లోపు రిజిస్ట్రేషన్. జనాభాను బట్టి మీ కాలనీకి పాయింట్ల లక్ష్యం ఇస్తారు. ఇల్లు సర్టిఫై అయితే కొన్ని పాయింట్లు, పార్కులు, గుళ్లు, ఆఫీసుల్లాంటి ఉమ్మడి స్థలాలకు అంతకన్నా ఎక్కువ, బళ్లకు ఇంకా ఎక్కువ. వీటికి తోడు అవగాహన కార్యక్రమాలకూ, కలుపు జాతుల ఏరివేత, మొక్కలు నాటడం లాంటి సామూహిక పనులకూ విడి పాయింట్లు. వచ్చిన హోదాను ఏటా నిలబెట్టుకోవాలి. ఇంటి సర్టిఫికెట్లో లేని క్రమశిక్షణ ఇక్కడుంది. నాలుగు మార్కులు అందుకే.

ఇళ్ల సంఖ్య పెంచడమే పనిగా పెట్టుకుంటే లక్ష్యం త్వరగా అందుతుంది, పక్షులకు ఒరిగేది తక్కువ. ముందుగా చూడాల్సింది హెచ్‌ఓఏ చేతిలో ఉన్న నేల: వర్షపు నీటి చెరువు గట్లు, ప్రవేశద్వారం పూలపాదులు, నడకదారుల పక్క నేల, ఇళ్ల వెనక చెట్ల పట్టీ. అక్కడ ఖర్చంతా ఒకే కాగితం మీద తేలుతుంది, అదే ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టు. రెన్యూవల్‌కు రెండు మూడు నెలల ముందే బోర్డు దగ్గరికి వెళ్లండి. కాంట్రాక్టులో రాయించాల్సినవి ఇవి. రాతపూర్వక అనుమతి లేకుండా పురుగుల మందు, కలుపు మందు కొట్టకూడదు. నేటివ్ పాదుల్లో మొలక రాకుండా చేసే ప్రీ-ఎమర్జెంట్ మందు అసలు వేయకూడదు. కలుపుతో పాటు రాలిన నేటివ్ విత్తనాలూ మొలవవు, రెండేళ్లకు పాదు పలచబడుతుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. లాన్‌ను మూడున్నర నుంచి నాలుగంగుళాల ఎత్తున కోయాలి. ఏప్రిల్ నుంచి జులై దాకా పొదలు కత్తిరించకూడదు. ఆకుల్ని పాదుల్లోకి తోయాలి, ట్రక్కెక్కించకూడదు. ఎండిన పూలకాడల్ని చలికాలమంతా ఉంచి, వసంతంలో పన్నెండు నుంచి పద్దెనిమిది అంగుళాల ఎత్తున కోసి వదలాలి. ఆ బోలు కాడల్లో ఒంటరి తేనెటీగలు గుడ్లు పెడతాయి. ఎవరి మీదా పడే ప్రమాదం లేని ఎండు చెట్టును మొత్తం కొట్టకుండా పదిహేనడుగుల మోడుగా నిలబెట్టాలి, వడ్రంగి పిట్టలకు అదే ఇల్లు.

రాసినంత మాత్రాన జరగదు. కాంట్రాక్టు చదివే మనిషి ఒకరు, బ్లోయర్ పట్టుకుని వచ్చే మనిషి వేరొకరు. పాదు అంచుల్లో చిన్న జెండాలు పాతి, పని చేసే బృందం పెద్దతో ఒకసారి అక్కడే నిలబడి మాట్లాడాలి, వాళ్లు మాట్లాడే భాషలో ఒక పేజీ రాసివ్వాలి. మొదటి ఏడాది పాడయ్యే పాదుల్లో ఎక్కువ భాగం పొరపాటున కోసేసినవే.

చెరువు గట్టు మంచి మొదటి ప్రాజెక్టు. నీటి అంచు దాకా కోసే లాన్‌ను పది పదిహేనడుగులు వెనక్కి జరిపి ఎత్తైన గడ్డి జాతులు, స్వాంప్ మిల్క్‌వీడ్, బ్లూ ఫ్లాగ్ ఐరిస్ పెడితే గట్టు కోత తగ్గుతుంది. కెనడా బాతులు కూడా తగ్గుతాయి, ఎందుకంటే చూపు ఆనని ఎత్తైన గడ్డిలో నడవడం వాటికి ఇష్టం ఉండదు. పక్షుల మీద ఆసక్తి లేని బోర్డు సభ్యుడు కూడా బాతుల రెట్ట తగ్గుతుందంటే చెయ్యెత్తుతాడు.

లాన్‌ను పాదుగా మార్చడానికి దున్నొద్దు, అడుగున నిద్రపోతున్న కలుపు విత్తనాలన్నీ పైకొస్తాయి. శరదృతువులో గడ్డిని పొట్టిగా కోసి, టేపులు తీసేసిన అట్టపెట్టెల్ని ఆరంగుళాలు ఒకదాని మీదొకటి వచ్చేలా పరిచి, తడిపి, మూడు నాలుగు అంగుళాల మల్చ్ వేయండి. వసంతంలో ప్లగ్ అనే చిన్న నారుమొక్కల్ని అడుగు ఎడంతో నాటితే వంద చదరపు అడుగులకు సుమారు వంద కావాలి. బెర్ముడా గడ్డి ఉంటే మాత్రం అట్టలతో చావదు, ముందు ఒక వేసవంతా కప్పి చంపాలి. వైల్డ్‌ఫ్లవర్ మిక్స్ అని అమ్మే ప్యాకెట్ కొనేముందు వెనక జాబితా చదవండి. కాస్మోస్, కార్న్‌ఫ్లవర్, ఆక్స్‌ఐ డైసీ ఉంటే అది మీ నేలకు చెందింది కాదు. మొదటి ఏడాది మొక్కలు వేళ్లే పెంచుకుంటాయి, పైకి బీదగా కనిపిస్తాయి. అసలు పూత మూడో ఏడు. ఈ మాట మొదటి మీటింగ్‌లోనే చెప్పకపోతే రెండో ఏడు "ఆ కలుపు తీసేయండి" అని తీర్మానం వస్తుంది.

ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం అడవిలా ఉందనే. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ జోన్ నాసావర్ 1990లలోనే చెప్పిన ఉపాయం ఇప్పటికీ పనిచేస్తుంది: ఎవరో శ్రద్ధగా చూసుకుంటున్నారని కనిపించే గుర్తులుండాలి. పాదు చుట్టూ రెండడుగుల కోసిన పట్టీ, స్పష్టమైన అంచు, ముందు వరసలో పొట్టి మొక్కలు, వెనక ఎత్తైనవి, ఒక్కో జాతి చెదురుగా కాకుండా గుంపుగా.

హెచ్‌ఓఏ ఒప్పుకోకపోతే రాష్ట్ర చట్టం చూడండి. మేరీలాండ్‌లో 2021 అక్టోబర్ నుంచి హెచ్‌ఓఏలు లాన్ గడ్డే ఉండాలని పట్టుబట్టలేవు. రెయిన్ గార్డెన్లు, పరాగ కీటకాల తోటలు, వన్యప్రాణుల తోటలు ఆ చట్టం కిందికి వస్తాయి. టెక్సస్‌లో 2013 నుంచి కరువుకు తట్టుకునే తోటల్ని నిషేధించలేవు, కానీ ముందుగా ప్లాన్ ఇచ్చి అనుమతి తీసుకోమని అడగవచ్చు. ఫ్లోరిడా, కాలిఫోర్నియాల్లోనూ ఇలాంటి రక్షణలున్నాయి. చట్టాన్ని మొదటి ఉత్తరంలోనే విసరకండి. గీసిన ప్లాన్, మొక్కల జాబితా, చూసుకునేవాళ్ల పేర్లు పట్టుకుని వెళ్తే చాలా బోర్డులు ఒప్పుకుంటాయి.

వేరే దారులు

మీరు ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ ప్రాంతంలో ఉంటే ఫెడరేషన్ కన్నా అక్కడి బ్యాక్‌యార్డ్ హాబిటాట్ సర్టిఫికేషన్ నయం. మనిషి ఇంటికి వచ్చి చూసి, తీసేయాల్సిన మొక్కల్ని చూపిస్తాడు, వెండి, బంగారు, ప్లాటినం స్థాయిలున్నాయి. జార్జియాలో బర్డ్స్ జార్జియా కూడా పెరళ్లను సర్టిఫై చేస్తుంది. కాన్సస్ యూనివర్సిటీలోని మోనార్క్ వాచ్ 2005 నుంచి ఇచ్చే మోనార్క్ వేస్టేషన్ ఒక్క సీతాకోకచిలుక కోసమే. మిల్క్‌వీడ్ మొక్కలు కనీసం పది, వీలైతే రెండు జాతులవి, ఉండాలంటుంది. పిల్లలతో మొదలుపెట్టడానికి బాగుంటుంది. ఆడుబాన్ ఇంటర్నేషనల్ సర్టిఫికెట్లు గోల్ఫ్ కోర్సులున్న పెద్ద కాలనీలకు సరిపోతాయి. పేరు ఒకటే అయినా అది నేషనల్ ఆడుబాన్ సొసైటీ కాదు, రెండూ వేర్వేరు సంస్థలు. ఏ సంస్థకు దరఖాస్తు పెడుతున్నారో చూసుకోండి.

ఫెడరేషన్ కాలనీ కార్యక్రమంలో చేరాలనుకుంటే చలికాలంలో బృందాన్ని కూర్చండి, కాంట్రాక్టు మార్పులతో మొదలుపెట్టండి, ఇళ్ల దరఖాస్తులు తర్వాత. ఏటా హోదా నిలబెట్టుకోవడానికి లెక్కలు అవసరమవుతాయి కనుక ఎక్కడ ఏ మొక్కలు ఎన్ని నాటారో, ఏ మందు ఏ రోజు ఎందుకు వాడారో, గూటిపెట్టెల్లో ఎన్ని పిల్లలు ఎగిరాయో ఒక షేర్డ్ షీట్‌లో మొదటి రోజు నుంచే రాసిపెట్టండి. ఆ షీట్ హెచ్‌ఓఏ ఖాతాలో ఉండాలి, ఒకరి సొంత ఈమెయిల్‌లో కాదు. ఆ ఒక్కరు ఇల్లు అమ్ముకుని వెళ్లిపోతే రెన్యూవల్ కూడా అక్కడితో ఆగిపోతుంది.